పట్టూ అదే, కబురూ అదే

కణాల అతుకు గురించి ఏ సమీక్షావ్యాసం తెరిచినా దాదాపు ఒకే బొమ్మ ఎదురవుతుంది. అడుగున కణం బయటి జాలిక, దాని మీద కణపు పొర, పొరలోంచి అటూ ఇటూ పొడుచుకొచ్చి జాలికని పట్టుకునే ఇంటెగ్రిన్ ప్రొటీన్లు, పైన కణానికి అస్థిపంజరంలా ఉండే యాక్టిన్ తీగలు. ఇంటెగ్రిన్లకీ యాక్టిన్‌కీ నడుమ రంగురంగుల గుండ్రాలు. వేరే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లైన కైనేజ్‌లకు ఎరుపో నారింజో ఇచ్చి, వాటి నుంచి కేంద్రకం వైపు బాణాలు గీస్తారు. మిగతావాటిని బూడిదరంగులో వదిలేసి పక్కన ‘నిర్మాణ ప్రొటీన్లు’ అని రాస్తారు. విన్‌క్యులిన్ ఎప్పుడూ ఆ బూడిద గుంపులోనే ఉంటుంది. పట్టుకుని ఉండటం దాని పని, కబుర్లు మోయడం వేరేవాళ్ల పని అన్నట్టు.

నాకు ఈ బొమ్మతో చాలాకాలంగా పేచీ. నేను సిద్ధాంతాలు చేసే మనిషిని కాను. లైట్లార్పిన గదిలో మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఈ ప్రొటీన్‌ని చూస్తూ జీతం తీసుకునే మనిషిని. చూడగా చూడగా నాకు తోచిందేమిటంటే, పట్టు వేరు, కబురు వేరు అన్న విభజన మన సౌకర్యం కోసం మనం పెట్టుకున్నది. విన్‌క్యులిన్ విషయంలో ఆ రెండూ ఒకే పని. ఈ పోస్టంతా ఆ మాట చెప్పడానికే.

ఎదుటివాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. విన్‌క్యులిన్ ఎంజైమ్ కాదు. దేనికీ ఫాస్ఫేట్ తగిలించదు, దేన్నీ కత్తిరించదు, కణంలో స్విచ్‌లు నడిపే జీటీపీ అణువుని విడగొట్టదు. ఇంకో ప్రొటీన్‌ని పట్టుకోవడం తప్ప దానికి వేరే విద్య రాదు. అలాంటిది సిగ్నలింగ్‌లో ఏం చేస్తుంది? మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు కచ్చితంగా ఇదే అడిగింది: “అక్కా, దీనికి యాక్టివిటీ ఏమీ లేదు కదా, మరి దీన్ని ‘యాక్టివేట్’ చేయడం ఏంటి?” మంచి ప్రశ్న. నలభై ఏళ్ల పరిశోధన చాలావరకు దీని చుట్టూనే తిరిగింది.

ముందు కంటికి కనిపించేది చెబుతాను. గాజు పలక మీద ఫైబ్రోనెక్టిన్ అనే బయటి జాలిక ప్రొటీన్ పూత పూసి, పైన ఫైబ్రోబ్లాస్టులు అనే బంధన కణజాలపు కణాలు వేసి కొన్ని గంటలు వదిలేస్తే అవి పలచగా పరుచుకుంటాయి. పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, అంటే ఉన్నవి ఉన్నట్టే బిగించి, ట్రైటాన్ అనే సబ్బులాంటి రసాయనంతో పొరకు చిల్లులు పెట్టి, విన్‌క్యులిన్ యాంటీబాడీ వేసి దానికి ఆకుపచ్చ రంగు ఇస్తాం. యాక్టిన్‌కి ఫాలాయిడిన్‌తో ఎరుపు, కేంద్రకానికి డాపీ నీలం. అరవై రెట్ల ఆయిల్ లెన్స్ కింద పెడితే కణం అంచుల దగ్గర చిన్న చిన్న ఆకుపచ్చ గీతలు కనిపిస్తాయి. ఒక్కోటి వెడల్పు మైక్రాన్ దరిదాపుల్లో, పొడవు కొన్ని మైక్రాన్లు. వీటినే ఫోకల్ అడ్హీషన్లు అంటాం. గీతలు అడ్డదిడ్డంగా ఉండవు. ప్రతి గీతా, దాని వెనకనుంచి వచ్చే ఎర్రటి యాక్టిన్ కట్ట ఏ దిక్కుకి సాగి ఉందో ఆ దిక్కుకే తిరిగి ఉంటుంది. ఫోకస్ కొంచెం సరిచేసుకుని చూస్తే ఎరుపు కట్ట ఆకుపచ్చ గీతలోకి లోపలి కొస నుంచి చొరబడినట్టుంటుంది, ఆ కలిసిన చోట పసుపు. కట్ట అక్కడితో ఆగిపోతుంది. అక్కడి నుంచి పట్టు పొర దాటి బయటికి పోతుంది.

ఇవన్నీ కాక, కణం మధ్యలో, కేంద్రకం చుట్టూ, ఒక ఆకుపచ్చ మసక ఉంటుంది. చాలామంది దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అని చెప్పి, సాఫ్ట్‌వేర్‌లో తీసేసి, శుభ్రమైన గీతల్ని మాత్రం పేపర్‌కి పంపిస్తారు. ఫిక్స్ చేయకముందే కాసేపు పలచటి ట్రైటాన్ పోస్తే ఆ మసక కడుక్కుపోతుంది, గీతలు మాత్రం కదలవు. అంటే మసక అంతా యాంటీబాడీ చేసిన చెత్త కాదు. అది నిజమైన విన్‌క్యులినే. సైటోప్లాజంలో దేనికీ అంటుకోకుండా తేలుతున్నది. అంత దండిగా సరుకు ఉండి, గీతల్లోకి పోకుండా ఎందుకు ఆగింది? నన్నడిగితే ఆ అందమైన గీతల కన్నా ఈ మసకే ఎక్కువ విషయం చెబుతుంది.

దీనికి జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. విన్‌క్యులిన్‌ని మొదట వేరుచేసింది బెన్నీ గైగర్, 1979లో, కోడి కందనకాయ కండరం నుంచి. నునుపు కండరం కాబట్టి అందులో ఈ ప్రొటీన్ పుష్కలం. జెల్ మీద దాదాపు 130 కిలోడాల్టన్ల బరువు దగ్గర కనిపించింది కాబట్టి మొదట్లో ‘130కె ప్రొటీన్’ అన్నారు. పెంచిన కణాల్లో అది యాక్టిన్ కట్టల కొసల దగ్గర పోగవుతోందని ఆ పేపర్లోనే చూపించారు. కట్టల కొసల్లో ఉందంటే యాక్టిన్‌ని పట్టుకుని ఉండాలి కదా అని అందరూ అనుకున్నారు. 1980ల మొదట్లో పట్టుకుంటోందని పేపర్లూ వచ్చాయి. తీరా ఆ నమూనాల్ని ఇంకా శుద్ధి చేసి చూస్తే యాక్టిన్ మీద కనిపించిన ప్రభావం విన్‌క్యులిన్‌ది కాదు, దానితోపాటు వచ్చిన మలినాలదని తేలింది. శుద్ధమైన విన్‌క్యులిన్ యాక్టిన్‌ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఈ ప్రొటీన్ పరిస్థితి విచిత్రంగా ఉండేది. ఉండాల్సిన చోటే ఉంది, చేస్తుందనుకున్న పని మాత్రం చేయడం లేదు. ముడి విప్పింది రాబర్ట్ జాన్సన్, సుసాన్ క్రెయిగ్. 1994, 1995 సంవత్సరాల్లో వచ్చిన వాళ్ల పేపర్లు నేనిప్పటికీ కొత్తగా చేరేవాళ్లకి ముందుగా ఇచ్చి చదివిస్తాను. విన్‌క్యులిన్‌కి ఒక పెద్ద తల ఉంది, చిన్న తోక ఉంది, నడుమ ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్న మెడ ఉంది. తల తోకను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. ఆ స్థితిలో టాలిన్ అనే ఇంకో ప్రొటీన్‌ని పట్టుకునే చోటు, యాక్టిన్‌ని పట్టుకునే చోటు రెండూ మూసుకుపోతాయి. తోకను విడిగా తీసి పెడితే అది యాక్టిన్‌ని చక్కగా పట్టుకుంటుంది. తల కలిపితే వదిలేస్తుంది. శుద్ధ ప్రొటీన్ యాక్టిన్‌ని పట్టించుకోకపోవడానికి కారణం అసమర్థత కాదు, మూసుకుని ఉండటం. 2004లో స్ఫటిక నిర్మాణం వచ్చాక ఇది కళ్లకు కట్టింది. మొత్తం 1066 అమైనో ఆమ్లాలు, దాదాపు అన్నీ హెలిక్స్‌లే, అంటే స్ప్రింగులా చుట్టుకున్న ముక్కలే. తలలో నాలుగు భాగాలు, తోకలో ఐదు హెలిక్స్‌ల కట్ట, ఆ కట్ట తల సందులో ఇరుక్కుని ఉంది.

మసక అంటే అదన్నమాట. మూసుకుని తిరుగుతున్న విన్‌క్యులిన్. గీత అంటే తెరుచుకున్నది. తెరుచుకోవడమే దీని ‘యాక్టివేషన్’. మా అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడితో దొరికింది. మిగతా సగం: తెరిచేది ఎవరు?

ఇక్కడికొచ్చేసరికి టాలిన్ గురించి మాట్లాడక తప్పదు. దీన్ని 1983లో కీత్ బర్రిడ్జ్, లారీ కానెల్ వెలుగులోకి తెచ్చారు. 270 కిలోడాల్టన్ల భారీ ప్రొటీన్. ఒక కొస ఇంటెగ్రిన్ తోకను పట్టుకుంటుంది, మిగతా పొడవాటి కాడ యాక్టిన్ వైపు సాగి ఉంటుంది. కాడలో 13 కట్టలు, ఒక్కో కట్టలో నాలుగో ఐదో హెలిక్స్‌లు. విన్‌క్యులిన్‌ని పట్టుకోగల హెలిక్స్‌లు అందులో 11 ఉన్నాయి, కానీ అవన్నీ కట్టల లోపల దాక్కుని ఉంటాయి. మామూలుగా ఉన్న టాలిన్ పక్కనే విన్‌క్యులిన్ తేలుతున్నా దానికి అందే చోటు లేదు. మూసుకున్నది ఒకటి, దాచుకున్నది ఇంకొకటి. ఎవరో ఒకరు కట్టలు విప్పాలి.

విప్పేది లాగుడు. 2009లో మైకేల్ షీట్జ్ బృందం టాలిన్ ముక్కను గాజుకి ఒక కొస, అయస్కాంత పూస ఒకదానికి రెండో కొస తగిలించి, అయస్కాంతంతో లాగి చూసింది. లాగని టాలిన్ కన్నా లాగిన టాలిన్‌కి విన్‌క్యులిన్ ఎక్కువగా వచ్చి అంటుకుంది. తర్వాతి కొలతల్లో తేలిందేమిటంటే కాడలో మూడో కట్ట అన్నిటికన్నా బలహీనమైనది, 5 పికోన్యూటన్ల దగ్గరే విచ్చుకుంటుంది (పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లో వంతు). మయోసిన్ మోటార్లు యాక్టిన్‌ని లాగే బలానికి అదేమీ ఎక్కువ కాదు. యాక్టిన్‌ని మయోసిన్ లాగుతుంది, యాక్టిన్ టాలిన్‌ని లాగుతుంది, టాలిన్ అవతలి కొస ఇంటెగ్రిన్ ద్వారా బయటి జాలికకి కట్టి ఉంది కాబట్టి కదలదు. నడుమ కట్ట విచ్చుకుంటుంది, దాగిన హెలిక్స్ బయటపడుతుంది, విన్‌క్యులిన్ తల దాన్ని అందుకుంటుంది. అలా అందుకున్న విన్‌క్యులిన్ తోక యాక్టిన్‌కి తగులుకుంటే అది ఇక తెరుచుకునే ఉంటుంది. తెగేదాకా లాగొద్దని మన పెద్దలంటారు గానీ, ఇక్కడ లాగితేగానీ అతకదు.

ఇంకో సంగతి కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. విన్‌క్యులిన్ అంటుకున్నాక టాలిన్ కట్ట మళ్లీ ముడుచుకోలేదు. లాగుడు కాసేపు తగ్గినా సరే, విచ్చుకున్నది విచ్చుకునే ఉంటుంది. బలం వచ్చి వెళ్లిపోయింది, వచ్చిందన్న సంగతి మాత్రం ప్రొటీన్ ఆకారంలో మిగిలింది. ఇది ఎంజైమ్ పని కాదు, నిజమే. కానీ జరిగినదాన్ని నిలిపి ఉంచి తర్వాతివాళ్లకి అందించడాన్ని కబురు అనకపోతే ఇంకేమంటాం?

అందించడం అని ఊరికే అనలేదు. టాలిన్ కాడలో ముడుచుకున్న రెండో, మూడో కట్టలకి రియామ్ అనే ఇంకో ప్రొటీన్ అంటుకుంటుంది. అది కణం అంచు ముందుకు చొచ్చుకొచ్చేటప్పుడు, అతుకు అప్పుడే పుడుతున్న దశలో ఉండేది. అదే కట్ట విచ్చుకుంటే రియామ్‌కి చోటు పోతుంది, విన్‌క్యులిన్‌కి వస్తుంది. రెండూ ఒకేసారి ఉండలేవు. ఒకే చోట లాగుడు లేకపోతే ఒకరు, లాగుడు ఉంటే ఇంకొకరు. ఎవరున్నారన్నదాన్ని బట్టి ఆ అతుకు చుట్టూ చేరేవాళ్లు మారతారు. ఈ మార్పిడికి ఫాస్ఫేట్లు అక్కర్లేదు, కైనేజ్ అక్కర్లేదు, లాగితే చాలు.

బతికున్న కణాల్లో దీన్ని చూడాలంటే సులువైన దారి ఒకటుంది. ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ తగిలించిన విన్‌క్యులిన్ ఉన్న కణాల్ని మైక్రోస్కోప్ మీదే పెట్టి, రో కైనేజ్‌ని ఆపే వై-27632 మందు వేయాలి. మయోసిన్ లాగుడు సడలుతుంది. మొదట ఏమీ కాదు. తర్వాత కణం మధ్య భాగం కిందున్న గీతలు పలచబడతాయి. అంచు గీతలు పొట్టివవుతాయి. కొన్ని నిమిషాల్లో గీతలుండాల్సిన చోట చాలావరకు చుక్కలే మిగులుతాయి, కణమంతా మసక కాస్త పెరిగినట్టుంటుంది. మందు కడిగేస్తే గీతలు మళ్లీ వస్తాయి. యాక్టిన్ కట్టలు కట్టే వరుసలోనే వస్తాయి. కొత్తవాళ్లకి చూపించడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు తెలీదు, ఎందుకంటే ఇందులో నేనేమీ వివరించక్కర్లేదు.

దీనికి జోడీ ప్రయోగం కూడా ఉంది. తోకలో కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి తల పట్టు సడలించిన విన్‌క్యులిన్ ఒకటుంది, దాన్ని టీ12 అంటారు. అది ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. దాన్ని కణాల్లో పెడితే గీతలు లావుగా, ఎక్కువగా వస్తాయి. పైగా లాగుడు ఆపే మందు వేసినా అంత తొందరగా చెదరవు, టాలిన్, ఇంటెగ్రిన్ లాంటివి కూడా అక్కడే ఉండిపోతాయి. మామూలు విన్‌క్యులిన్ ఉన్న కణం లాగుడు పోయిందని గ్రహించి పట్టు వదిలేస్తే, టీ12 ఉన్న కణానికి లాగుడు పోయిన సంగతే అందదు. పట్టుని పాడుచేయకుండా బలం సంగతి మాత్రం తెలియకుండా చేయాలంటే ఇంతకన్నా శుభ్రమైన మార్పు దొరకదు. రెండూ వేర్వేరు పనులని వాదించేవాళ్లు ఈ ప్రయోగానికి ఏం చెబుతారో నాకు వినాలని ఉంటుంది.

తెరుచుకున్న విన్‌క్యులిన్ మీద నిజంగా ఎంత బరువు పడుతోందో కొలిచింది 2010లో. కార్స్టెన్ గ్రాషాఫ్, మార్టిన్ ష్వార్ట్జ్ తదితరులు విన్‌క్యులిన్ తలకీ తోకకీ మధ్య రెండు మెరిసే ప్రొటీన్లు పెట్టారు. ఆ రెండింటినీ కలిపే తీగగా సాలెగూడు పట్టు నుంచి తీసుకున్న 40 అమైనో ఆమ్లాల సాగే ముక్కని వాడారు. రెండూ దగ్గరగా ఉంటే ఒకదాని వెలుగు ఇంకోదానికి చేరుతుంది, సాగితే చేరడం తగ్గుతుంది. దీన్నే ఫ్రెట్ అంటాం. నిలకడగా ఉన్న అతుకుల్లో ఒక్కో విన్‌క్యులిన్ మీద సగటున దాదాపు 2.5 పికోన్యూటన్లు పడుతున్నట్టు లెక్క తేలింది. అసలు విశేషం ఆ అంకె కాదు. కొన్ని అతుకుల్లో, ముఖ్యంగా కణం వెనక్కి తీసుకుంటున్న చోట, విన్‌క్యులిన్ నిండుగా ఉంది కానీ దాని మీద బలం పెద్దగా లేదు. ఉండటం వేరు, మోయడం వేరు అని ఆ పేపర్ తేల్చింది.

బలం దిక్కు కూడా విన్‌క్యులిన్‌కి తెలుసు. 2017లో విలియం వైస్, అలెగ్జాండర్ డన్ బృందాలు ఒంటరి విన్‌క్యులిన్ అణువులు యాక్టిన్ తీగని ఎంతసేపు పట్టుకుంటాయో లేజర్ పటకారుతో కొలిచాయి. మామూలుగా బంధాన్ని లాగితే తొందరగా తెగుతుంది. ఇది లాగేకొద్దీ బిగిసే ఉరిముడి. పైగా తీగకి రెండు కొసలున్నాయి, పెరిగే కొస, అరిగే కొస. అరిగే కొస వైపుకి లాగితే బంధం ఎక్కువసేపు నిలుస్తుంది, రెండో వైపుకి లాగితే తక్కువసేపు. కణంలో మయోసిన్ లాగుడు అతుకు మీద పడేది మొదటి దిక్కులోనే. అంటే తప్పు దిక్కుకి తిరిగిన తీగలు తొందరగా జారిపోయి, సరైన దిక్కుకి తిరిగినవి నిలబడతాయి. మైక్రోస్కోప్ కింద గీతలన్నీ పద్ధతిగా ఒకే వైపుకి తిరిగి ఉండటంలో దీని పాత్ర ఉందని నా అనుమానం, రుజువుగా చెప్పడం లేదు.

అతుకు లోపలి నిర్మాణం గురించి ఒక మాట. 2010లోనే క్లేర్ వాటర్‌మన్ బృందం నానోమీటర్ల స్థాయిలో లోతు కొలిచి చూపింది. ఇంటెగ్రిన్‌కీ యాక్టిన్‌కీ మధ్య దాదాపు 40 నానోమీటర్ల మందం. ఆ మందంలో అడుగున పాక్సిలిన్, ఫాక్ లాంటి సిగ్నలింగ్ ప్రొటీన్లు, నడుమ బలం మోసే పొర, పైన యాక్టిన్‌ని చక్కబెట్టే పొర. తర్వాత 2015లో వచ్చిన పనిలో విన్‌క్యులిన్ మొదట అడుగు పొరలో పాక్సిలిన్ దగ్గరికి చేరి, తెరుచుకునేకొద్దీ పైకి, టాలిన్, యాక్టిన్ వైపుకి జరుగుతుందని తేలింది. సిగ్నలింగ్ పొరలో కాలు పెట్టి, బలం పొరలోకి ఎక్కుతుంది. బూడిదరంగు వేసేవాళ్లు ఈ బొమ్మనైనా ఓసారి చూడాలి.

పాక్సిలిన్ పేరు వచ్చింది కాబట్టి కైనేజ్‌ల సంగతికి వస్తాను. పాక్సిలిన్‌ని ఫాక్ అనే కైనేజ్ పట్టుకుంటే ఆ జంట ఈఆర్‌కే అనే ఇంకో కైనేజ్ దారిని రేపుతుంది. ఆ దారి కణానికి బతకమని, కదలమని చెప్పేది. విన్‌క్యులిన్ లేని కణాల్లో పాక్సిలిన్, ఫాక్ ఎక్కువగా కలుస్తాయి, ఈఆర్‌కే చురుగ్గా ఉంటుంది. ఆ కణాలు చావమని చెప్పే సంకేతాలకి సులువుగా లొంగవు. విన్‌క్యులిన్‌ని తిరిగి పెడితే ఇది తగ్గుతుంది. ఇందులో విన్‌క్యులిన్ చేసిందల్లా పాక్సిలిన్, ఫాక్ కలయికకి అడ్డుపడటం. ఎంజైమ్ కాకపోయినా ఎంజైమ్‌కి కళ్లెం వేయొచ్చు.

విన్‌క్యులిన్ లేని కణాలు ఎక్కడివంటే, 1998లో ఆ జన్యువు తీసేసిన ఎలుకల నుంచి. ఆ పిండాలు పదో రోజు దగ్గరే చనిపోయాయి. గుండె సరిగ్గా ఏర్పడలేదు, నాడీనాళం మూసుకోలేదు. అదే పిండాల నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులు మాత్రం పళ్లెంలో బతికాయి. అతుకు బలహీనం, నడక వేగం. మొదటిసారి ఇది విన్నవాళ్లు తికమక పడతారు, అతుకు ప్రొటీన్ పోతే నడవలేకపోవాలి కదా అని. పట్టు పట్టనిది వదిలించుకోవడానికి కూడా కష్టపడక్కర్లేదు మరి.

ఇక్కడి నుంచి క్యాన్సర్ మీదికి దూకేవాళ్లు చాలామంది. 1992లో గైగర్ తదితరులు విన్‌క్యులిన్ తగ్గిన కణితి కణాల్లో దాన్ని తిరిగి పెంచితే ఎలుకల్లో కణితి కట్టే గుణం తగ్గిందని చూపించారు. అక్కడి నుంచి ‘కణితిని అణిచే ప్రొటీన్’ అనే బిరుదు తగిలించారు. నాకు ఆ బిరుదు మీద నమ్మకం లేదు. పళ్లెం మీద చదునుగా నడిచే కణానికి విన్‌క్యులిన్ బ్రేకు కావచ్చు, దట్టమైన కొల్లాజెన్ జాలికలో దారి చేసుకుంటూ పోయే కణానికి అదే ఊతం కావచ్చు. అలాంటి ఫలితాలూ అచ్చయ్యాయి. లాగుడుని పట్టుగా మార్చే ప్రొటీన్ మంచిదా చెడ్డదా అన్నది ఆ పట్టుతో కణం ఏం చేయాలనుకుంటుందో దాన్ని బట్టే ఉంటుంది.

మరచిపోకముందు ఒక దొంగ గురించి. షిజెల్లా అనే బాక్టీరియా, రక్తవిరేచనాలు తెచ్చేది, పేగు కణంలోకి దూరేటప్పుడు ఇపాఏ అనే ప్రొటీన్‌ని లోపలికి ఎక్కిస్తుంది. దానిలోని హెలిక్స్‌లు టాలిన్‌లో దాగి ఉండే హెలిక్స్‌ల పోలికలతో ఉంటాయి. విన్‌క్యులిన్ తల వాటిని గట్టిగా పట్టుకుని తెరుచుకుంటుంది. లాగుడు లేదు, మయోసిన్ లేదు, బయటి జాలిక లేదు. లాగుడు జరిగిందన్న అబద్ధపు కబురు మాత్రం ఉంది, కణం నమ్మేసింది. తాళం ఎక్కడుందో ఆ క్రిమికి మనకన్నా ముందే తెలుసు.

ఇంతసేపూ కణం నేలని పట్టుకోవడం గురించే మాట్లాడాను. కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే చోట కూడా విన్‌క్యులిన్ ఉంటుంది. అక్కడ ఇంటెగ్రిన్ స్థానంలో క్యాడ్హెరిన్, టాలిన్ స్థానంలో ఆల్ఫా-క్యాటెనిన్. 2010లో యోనెమురా బృందం చూపించినట్టు, ఆల్ఫా-క్యాటెనిన్ కూడా లాగితేనే తెరుచుకుని విన్‌క్యులిన్‌కి చోటిస్తుంది. సూత్రం అదే, మనుషులు వేరు. రెండు చోట్లా అదే విన్‌క్యులిన్ అయినప్పుడు, ఎక్కడున్నదీ ఎలా తెలుస్తుంది? కొంత జవాబు 2014లో దొరికింది. కణం-కణం అతుకు దగ్గర ఏబుల్ కైనేజ్ విన్‌క్యులిన్‌లో 822వ స్థానంలోని టైరోసిన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. నేలని పట్టుకున్న చోట ఆ గుర్తు కనిపించదు. ఒకే ప్రొటీన్ మీద చిరునామా రాసినట్టయింది. 1981లోనే రౌస్ సార్కోమా వైరస్ సోకిన కణాల్లో విన్‌క్యులిన్ టైరోసిన్ మీద ఫాస్ఫేట్ చూసి, కణం గుండ్రంగా మారడానికి ఇదే కారణమేమో అని హడావిడి పడ్డారు. నిజానికి అక్కడ ఫాస్ఫేట్ తగిలినది మొత్తంలో చాలా కొద్ది భాగమే, ఆ వివరణ నిలవలేదు. ఫాస్ఫేట్ ఎక్కడ తగిలింది, ఏ అతుకు దగ్గర తగిలింది అన్నది చూడకపోతే అంకెలు మనల్ని ఎటైనా తీసుకుపోతాయి.

గుండె కండరంలో ఈ రెండు రకాల అతుకులూ పక్కపక్కనే పనిచేయాలి, ఆగకుండా. కండరాల్లో మెటావిన్‌క్యులిన్ అనే ఇంకో రూపం కూడా ఉంది, తోక భాగంలో 68 అమైనో ఆమ్లాలు అదనం. దానిలో మార్పులు గుండె గదులు సాగిపోయే జబ్బుతో ముడిపడి కొందరు రోగుల్లో కనిపించాయి. ఎలుకల్లో గుండె కణాల నుంచి మాత్రమే విన్‌క్యులిన్ తీసేస్తే కొన్ని హఠాత్తుగా చనిపోయాయి, మిగిలినవాటికి అదే గుండె జబ్బు వచ్చింది.

చివరిగా, మా మైక్రోస్కోప్ దగ్గరికి కొలతల కోసం వచ్చేవాళ్లతో నాకుండే రోజువారీ తగువు. “విన్‌క్యులిన్ గీతలు ఎక్కువ మెరుస్తున్నాయి కాబట్టి అతుకు బలపడింది” అని రాసుకుని వస్తారు. మెరుపు చెప్పేది అక్కడ విన్‌క్యులిన్ ఎంత పోగైందో అంతవరకే. అది తెరుచుకుందా, బరువు మోస్తోందా అన్నది మెరుపులో లేదు. బలం గురించి మాట్లాడాలంటే మెత్తటి జెల్ మీద కణాన్ని పెంచి, అందులోని పూసలు ఎంత జరిగాయో చూసి లాగుడు లెక్కగట్టాలి, లేదా ఫ్రెట్ సెన్సర్ వాడాలి. సెన్సర్ వాడితే పోల్చుకోవడానికి తోక లేని విన్‌క్యులిన్ కంట్రోల్ తప్పనిసరి, ఎందుకంటే దాని మీద బలం పడే అవకాశమే ఉండదు, సున్నా ఎక్కడుందో అదే చెబుతుంది. ఫిక్స్ చేసిన కణాలే ఉన్నాయంటారా, కనీసం లాగుడు ఆపే మందు వేసిన పళ్లెం ఒకటి పక్కన పెట్టండి, అందులో గీతలు చెదిరాయో లేదో చూపించండి. గీతలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌లో మసక తీసేసే ముందు, మసకలో ఎంతుందో కూడా ఒక కాలమ్‌లో రాసి పెట్టుకోండి. గీతల మెరుపుని మసక మెరుపుతో భాగిస్తే వచ్చే అంకె, గీతల సంఖ్య కన్నా ఎక్కువసార్లు నాకు పనికొచ్చింది.